పాఠం 11: పొద్దుపోయాక మన ఊరు

ఈ పాఠంలో మనం నేర్చుకునేవి
• ఒక ఊరి రాత్రి గురించి, పాటల గురించి, చిన్న కొట్ల గురించి తెలుగులో చెప్పడం
• సాయంత్రం, రాత్రి వేళలకు తెలుగు మాటలు
• "వెళ్తే / వెళ్ళకపోతే / వెళ్ళినా" అనే క్రియారూపాలు
• ఒక చిన్న లెక్క (భయపడకండి, కూడికలూ హెచ్చవేతలే!)

కొత్త మాటలు

సందెవేళ: పొద్దు గూకి, చీకటి పడబోయే సమయం.
పొద్దుపోవడం: బాగా రాత్రి అవడం. "పొద్దుపోయింది, ఇంక పడుకోండి" అని అమ్మ అంటుంది కదా, అదే.
తెల్లారడం: రాత్రి అయిపోయి వెలుగు రావడం. పుస్తకాల్లో "తెల్లవారడం" అని రాస్తారు.
కచేరీ: జనం ముందు కూర్చుని పాడడం, వాయించడం.
కొట్టు: చిన్న షాపు. కోస్తాలో కొట్టు అని, తెలంగాణలో దుకాణం అని, రాయలసీమలో అంగడి అని ఎక్కువగా అంటారు. మీ ఇంట్లో ఏమంటారో అడగండి.
అద్దె: ఇల్లు గానీ షాపు గానీ వాడుకున్నందుకు నెలనెలా ఇచ్చే డబ్బు. తెలంగాణలో కిరాయి అనీ, రాయలసీమలో బాడుగ అనీ అంటారు.
మూతపడడం: ఒక షాపు గానీ హాలు గానీ ఇంక తెరవకుండా ఆగిపోవడం.
చందా: అందరూ కలిసి ఒక పని కోసం తలా కాస్త వేసుకునే డబ్బు.
విడ్డూరం: ఎక్కడా చూడని వింత. పెద్దవాళ్ళు ఎక్కువగా ముక్కున వేలేసుకుని అనే మాట.

పాఠం

పిల్లలూ, నమస్తే!

మీరంతా విదేశాల్లో పుట్టారు. నేను మాత్రం ఈమధ్యే వచ్చాను. మేం ఉండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రానికి రాజధాని అయిన ఆస్టిన్‌లో. వచ్చిన కొత్తలో రెండు నెలలపాటు నేను చూసిన ఊరు ఇంతే: అపార్ట్‌మెంటు, పార్కింగు, పెద్ద సూపర్ మార్కెట్, మళ్ళీ పార్కింగు, మళ్ళీ అపార్ట్‌మెంటు. సాయంత్రం ఆరయ్యేసరికి తలుపు వేసేసుకునేవాళ్ళం. మా విజయవాడలో ఆరింటికి వీధులు అప్పుడే కళకళలాడడం మొదలెడతాయి. ఇక్కడ రాత్రిపూట ఏమీ ఉండదు కాబోలు అనుకున్నాను.

ఒకరోజు మావారి ఆఫీసులో ఒకాయన, "మీరు ఇంకా మన ఊరి నైట్ లైఫ్ చూడలేదా?" అని అడిగారట. ఆ మాట వినగానే నా ముఖం చిట్లింది. మీ ఇళ్ళలో కూడా అంతే కదా! నైట్ లైఫ్ అంటే తాగుడు, గోల, పిల్లలు వెళ్ళకూడని చోట్లు అని మన పెద్దవాళ్ళ భయం. ఆ భయంలో కొంత నిజం ఉంది. కానీ మిగతా సగం నేను తర్వాత నెమ్మదిగా తెలుసుకున్నాను. ఆ సగమే ఈ పాఠం.

1. సందెవేళ: వంతెన కింద

ఆస్టిన్ మధ్యలో కొలరాడో నది పారుతుంది. ఊళ్ళో దానికి ఆనకట్ట కట్టి నీళ్ళు నిలిపిన భాగాన్ని లేడీ బర్డ్ లేక్ అంటారు. దాని మీద కాంగ్రెస్ అవెన్యూ వంతెన ఉంది. 1980లో ఆ వంతెనను బాగుచేశారు. అప్పుడు కింద కాంక్రీటు మధ్య సన్నటి సందులు మిగిలాయి. మెక్సికో వైపు నుంచి వచ్చే గబ్బిలాలకు ఆ సందులు భలే నచ్చాయి. వేసవిలో అక్కడ దాదాపు 15 లక్షల గబ్బిలాలు ఉంటాయి!

మొదట్లో ఊరివాళ్ళు హడలిపోయారు. వీటిని తరిమెయ్యండి అన్నారు. మెర్లిన్ టటిల్ అనే గబ్బిలాల శాస్త్రవేత్త 1986లో ఆస్టిన్ వచ్చి, ఇవి మనుషుల జోలికి రావు, రాత్రంతా పురుగుల్ని తిని మనకు మేలు చేస్తాయి అని అందరికీ ఓపిగ్గా చెప్పాడు. ఇప్పుడు వాటిని చూడడానికే సందెవేళ జనం వంతెన మీద బారులు తీరి నిలబడతారు. మేం వెళ్ళిన రోజు పొద్దు గూకాక ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత పొగ లేచినట్టు ఒకటే ధార. మా అబ్బాయి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

ఈ ఊరికి రాత్రి అంటే ఎప్పటినుంచో ఇష్టం అనుకుంటాను. 1894, 1895లో ఇక్కడ 31 ఇనుప స్తంభాలు నిలబెట్టారు. ఒక్కోటి 165 అడుగుల ఎత్తు. పైన దీపాలు పెడితే కింద వీధులన్నీ వెన్నెల పడినట్టు ఉండేవి. అందుకే వాటి పేరు మూన్‌లైట్ టవర్లు. కొన్ని ఇప్పటికీ వెలుగుతున్నాయి. జిల్కర్ పార్కులో ఉన్న స్తంభానికి క్రిస్మస్ రోజుల్లో దీపాల తోరణాలు కట్టి, పెద్ద చెట్టులా చేస్తారు.

2. పాటలు ఎక్కడ పుట్టాయి?

1991లో ఆస్టిన్ తనకు తానే ఒక పేరు పెట్టుకుంది: "ప్రపంచ లైవ్ మ్యూజిక్ రాజధాని". లైవ్ మ్యూజిక్ అంటే రికార్డు పెట్టడం కాదు, మనిషి మన ఎదురుగా నిలబడి పాడడం. ఈ పేరు పెద్ద పెద్ద హాళ్ళ వల్ల వచ్చింది అనుకుంటున్నారా? కాదు. మొదలైన చోట్లు చూడండి.

ఒక పెట్రోల్ బంకు. కెన్నెత్ థ్రెడ్‌గిల్ అనే ఆయన 1930లలో నార్త్ లమార్ వీధిలో పెట్రోల్ బంకు నడిపేవాడు. ఆయనకు పాటలంటే ప్రాణం. రానురాను అది పాటగాళ్ళు చేరే చోటు అయింది. 1960ల మొదట్లో యూనివర్సిటీలో చదువుకునే ఒక అమ్మాయి అక్కడికి వచ్చి పాడేది. ఆమే జానిస్ జాప్లిన్. తర్వాత ప్రపంచమంతా ఆమె పాట విన్నది.

ఒక భోజనశాల. 1945లో రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. నల్లజాతి సైనికులు కూడా దేశం కోసం పోరాడి తిరిగొచ్చారు. కానీ తెల్లవాళ్ళు వెళ్ళే హోటళ్ళలోకి వాళ్ళను రానిచ్చేవారు కాదు. అందుకని జానీ హోమ్స్ అనే ఆయన వాళ్ళ కోసం ఈస్ట్ 11వ వీధిలో విక్టరీ గ్రిల్ తెరిచాడు. అక్కడ అన్నం దొరికేది, గౌరవం దొరికేది, రాత్రిపూట బ్లూస్ పాటలు దొరికేవి. బీబీ కింగ్ లాంటి మహా గాయకులు అక్కడ వాయించారు.

ఒక పాత సైనిక శాల. 1970లో కొందరు కుర్రాళ్ళు నేషనల్ గార్డ్ వదిలేసిన శాలలో "అర్మడిల్లో వరల్డ్ హెడ్‌క్వార్టర్స్" అనే పాటల హాలు పెట్టారు. అర్మడిల్లో అంటే ఒంటినిండా గట్టి పెంకు ఉండే చిన్న జంతువు. చూడ్డానికి మన అడవుల్లోని అలుగులా ఉంటుంది గానీ, రెండూ వేరు వేరు జాతులు. అప్పట్లో పొడుగు జుట్టు హిప్పీలకూ, పెద్ద టోపీల కౌబాయ్‌లకూ అస్సలు పడేది కాదు. 1972లో విల్లీ నెల్సన్ అక్కడ పాడాడు. ఆయన పాటల కోసం హిప్పీలూ, కౌబాయ్‌లూ ఒకే నేల మీద పక్కపక్కన కూర్చున్నారు.

1975లో సిక్స్త్ స్ట్రీట్‌లో క్లిఫర్డ్ ఆంటోన్ అనే యువకుడు "ఆంటోన్స్" తెరిచాడు. పేరున్న పాత బ్లూస్ కళాకారుల్ని పిలిచి, వాళ్ళ పక్కనే ఊరి కుర్రాళ్ళను నిలబెట్టి వాయించమనేవాడు. అలా వాయిస్తూ ఎదిగినవాడే స్టీవీ రే వాన్. వంతెన దగ్గర, నీళ్ళ ఒడ్డున ఆయన కంచు విగ్రహం ఉంది. గబ్బిలాలు చూడ్డానికి వెళ్తే అదీ చూసి రండి.

చూశారా? పెట్రోల్ బంకు, భోజనశాల, వదిలేసిన శాల. అన్నీ చవకగా దొరికిన చోట్లే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

3. వంద డాలర్ల లెక్క

సిక్స్త్ స్ట్రీట్, లమార్ వీధి కలిసే చోట "బుక్‌పీపుల్" అనే పుస్తకాల కొట్టు ఉంది. అది 1970లో వేరే పేరుతో మొదలైంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అరల మీద చిన్న చిన్న చీటీలు కనిపించాయి. ఏ పుస్తకం ఎందుకు నచ్చిందో అక్కడ పనిచేసేవాళ్ళు రాసి అంటించారు. నాకు వెంటనే విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు గుర్తొచ్చాయి. అక్కడా అంతే. "అమ్మా, ఇది చదివారా? ఇది తీసుకెళ్ళండి" అనే మనిషి ఉంటాడు. ఆ రోజే నాకు ఈ ఊళ్ళో మొదటిసారి కాస్త మన ఇంట్లో ఉన్నట్టు అనిపించింది.

అదే మూల మీద చాలా ఏళ్ళు "వాటర్‌లూ రికార్డ్స్" అనే పాటల కొట్టు ఉండేది. 1982లో మొదలైంది, ఈమధ్యే అదే లమార్ వీధిలో కొంచెం ముందుకు మారింది. వాటర్‌లూ అనేది ఆస్టిన్ ఊరికి తొలినాటి పేరు! కొత్త ఆల్బమ్‌లు వచ్చినప్పుడు పాటగాళ్ళు ఆ కొట్లోనే నిలబడి, టిక్కెట్టు లేకుండా పాడతారు.

2002లో ఒక సంగతి జరిగింది. బుక్‌పీపుల్‌కు ఎదురుగా "బోర్డర్స్" అనే చాలా పెద్ద పుస్తకాల కంపెనీ తన స్టోరు పెట్టాలనుకుంది. దేశమంతా వందల స్టోర్లున్న కంపెనీ అది. అక్కడ భవనాలు కట్టేవాళ్ళకు ఊరి పాలకులు రాయితీ కూడా ఇస్తామన్నారు. ఈ రెండు చిన్న కొట్లవాళ్ళూ ఏం చేశారు? గొడవ పడలేదు. లెక్క వేయించారు. సివిక్ ఎకనామిక్స్ అనే సంస్థ ఆ లెక్క వేసింది.

బోర్డర్స్ లాంటి చోట మీరు 100 డాలర్లు ఖర్చు పెడితే, ఆస్టిన్‌లో తిరిగే డబ్బు సుమారు 13 డాలర్లు.
ఊరివాళ్ళ కొట్లో 100 డాలర్లు ఖర్చు పెడితే, ఆస్టిన్‌లో తిరిగే డబ్బు సుమారు 45 డాలర్లు.

ఎందుకంత తేడా? ఊరి కొట్టు యజమాని ఇక్కడే ఉంటాడు. లాభం ఇక్కడే ఖర్చు పెడతాడు. లెక్కలు రాసే మనిషి, బోర్డులు రాసే మనిషి, కరపత్రాలు అచ్చు వేసే మనిషి, అందరూ ఊరివాళ్ళే. పెద్ద కంపెనీకి ఆ పనులన్నీ ఎక్కడో దూరంగా ఉన్న ప్రధాన కార్యాలయంలో జరుగుతాయి. లాభమూ అక్కడికే పోతుంది.

2003లో బోర్డర్స్ ఆ స్టోరు ఆలోచన మానుకుంది. 2011లో ఆ కంపెనీయే మూతపడింది. బుక్‌పీపుల్ ఇప్పటికీ ఉంది.

ఈ పోరాటంలో ఒక నినాదం బాగా పాకింది: "కీప్ ఆస్టిన్ వియర్డ్". దీన్ని మొదట అన్నది రెడ్ వాసెనిక్ అనే లైబ్రేరియన్. 2000లో ఊళ్ళోని ఒక చిన్న రేడియోకి చందా ఇస్తూ, ఎందుకు ఇస్తున్నారని అడిగితే ఈ మాట అన్నాడు. కొట్లవాళ్ళు దాన్ని స్టిక్కర్ల మీద వేసి పంచారు.

దీన్ని తెలుగులో ఏమనాలి? మా శనివారం క్లాసులో పెద్ద చర్చే జరిగింది. "వింతగా ఉంచుదాం" అన్నారు ఒకరు. "తిక్కగా ఉంచుదాం" అన్నారు ఇంకొకరు. "విడ్డూరంగా ఉంచుదాం" అని నేనంటే పిల్లలు పకపకా నవ్వారు. మీరే చెప్పండి. వింత అంటే ఆశ్చర్యం. తిక్క అంటే కాస్త పిచ్చి, కాస్త కోపం. విడ్డూరం అంటే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అనే మాట. మీకు ఏది బాగుంది?

4. కప్ప అడిగిన ప్రశ్న

యూనివర్సిటీ దగ్గర గ్వాడలూప్ వీధిలో ఒక గోడ మీద పెద్ద కప్ప బొమ్మ వేశారు. కళ్ళు రెండూ కొమ్మల మీద పెట్టినట్టు పైకి ఉంటాయి. పక్కన "హాయ్, హౌ ఆర్ యూ" అని రాసి ఉంటుంది. 1993లో ఆ బొమ్మ వేసింది డేనియల్ జాన్‌స్టన్. ఆయన ఆస్టిన్‌లో ఒక హోటల్లో పనిచేస్తూ, ఇంట్లో చిన్న టేప్ రికార్డరు ముందు కూర్చుని తన పాటలు తనే పాడుకుని, ఆ క్యాసెట్లు వీధిలో ఎదురైనవాళ్ళ చేతుల్లో పెట్టేవాడు. మనసుకు సంబంధించిన జబ్బుతో జీవితమంతా చాలా బాధపడ్డాడు. అయినా పాటలు ఆపలేదు.

ఆ గోడ ఒక పాటల కొట్టుది. ఆ కొట్టు మూతపడింది. 2004లో అక్కడికి వచ్చిన హోటలువాళ్ళు ఆ గోడ తీసేద్దామనుకున్నారు. ఊరి జనం వచ్చి, వద్దని బతిమాలారు. వాళ్ళు విన్నారు. కప్ప మిగిలింది. 2019లో జాన్‌స్టన్ చనిపోయాడు. ఆయన పుట్టినరోజు జనవరి 22. ఆ రోజు ఆస్టిన్‌లో ఒకరినొకరు "ఎలా ఉన్నావు?" అని నిజంగా అడిగి, జవాబు నిజంగా వినాలని చెబుతారు. మనం "బాగున్నారా?" అని అడిగేసి, జవాబు వినకుండానే వెళ్ళిపోతాం చూడండి, అలా కాదన్నమాట.

5. మూతపడిన తలుపులు

ఇప్పుడు కొంచెం బాధ కలిగించే భాగం. పైన చెప్పిన సంగతి గుర్తుందా? పాటలు పుట్టినవన్నీ చవకగా దొరికిన చోట్లే. ఊరు పెరిగితే ఆ చోట్లు చవకగా ఉండవు.

అర్మడిల్లో 1980 డిసెంబరు 31 రాత్రి ఆఖరి కచేరీతో మూతపడింది. ఆ స్థలంలో ఆఫీసు భవనం లేచింది. దాని పైకప్పు తెచ్చి "లిబర్టీ లంచ్" అనే ఇంకో పాటల హాలుకు వేసుకున్నారు. 1999లో దానికీ అదే గతి పట్టింది. ఆ చోట ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి భవనాలు కావలసి వచ్చాయి. మూసేముందు పాటగాళ్ళు వంతులవారీగా వచ్చి "గ్లోరియా" అనే ఒకే పాటను 24 గంటలు ఆపకుండా పాడారు. వదిలి వెళ్ళడం ఇష్టం లేనివాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి ఇంకా మాట్లాడుతూనే ఉంటారు చూడండి, అలా.

సాఫ్ట్‌వేర్ కంపెనీ అనగానే మీలో కొందరు తలెత్తి చూసి ఉంటారు. మీ అమ్మో నాన్నో చేసేది ఆ ఉద్యోగమే కావచ్చు. మావారిదీ అదే. ఆ ఉద్యోగాల కోసమే మన తెలుగువాళ్ళు వేలమంది ఆస్టిన్ వచ్చాం. జనం పెరిగారు, ఇళ్ళ ధరలు పెరిగాయి, అద్దెలు పెరిగాయి. గిటారు వాయించే మనిషి పగలు హోటల్లో పనిచేసి, రాత్రి టిప్పుల డబ్బా ముందు పాడి, ఆ అద్దె కట్టలేక ఊరి చివరికి వెళ్ళిపోతున్నాడు.

మరి తప్పు మనదేనా? నాకూ ఈ ప్రశ్న వచ్చింది. బతుకుతెరువు కోసం ఒక ఊరు రావడం తప్పు కాదు. గబ్బిలాలు కూడా చోటు దొరికిందనే వచ్చాయి. కానీ ఊళ్ళోకి వచ్చాక ఊరిని చూడకుండా ఉండిపోతే, అది మాత్రం మన తప్పే. మొదటి రెండు నెలలు నేను చేసింది అదే.

అద్దెలు పెరిగినా నిలబడినవి ఉన్నాయి. సౌత్ కాంగ్రెస్ వీధిలో 1955 నాటి కాంటినెంటల్ క్లబ్ నడుస్తూనే ఉంది. సౌత్ లమార్‌లో 1964లో కట్టిన "బ్రోకెన్ స్పోక్" అనే నాట్యశాలకు ఇప్పుడు అటూ ఇటూ ఎత్తైన అపార్ట్‌మెంట్లు లేచాయి. మధ్యలో ఆ రేకుల కొంప అలాగే ఉంది, లోపల జంటలు నాట్యం చేస్తూనే ఉన్నాయి. డబ్బు తక్కువున్న పాటగాళ్ళకు వైద్యం అందించడానికి 2005లో "హామ్" అనే సంస్థ పుట్టింది. 2019లో ఊరి పాలకులు హోటళ్ళ పన్నులో కొంత పాటగాళ్ళకు కేటాయించారు.

6. మీరేం చేయగలరు?

క్లబ్బుల్లో చాలావాటికి 21 ఏళ్ళు నిండాలి. "ఆల్ ఏజెస్" అని రాసి ఉంటే మీరూ వెళ్ళవచ్చు, పెద్దవాళ్ళతో. వేసవిలో జిల్కర్ పార్కు గడ్డి మీద ఉచిత కచేరీలు జరుగుతాయి. పాటల కొట్లో పాటలు ఉంటాయి. మీరు ఆస్టిన్‌లో లేకపోయినా ఫర్వాలేదు. డర్బన్‌లో, దుబాయ్‌లో, కౌలాలంపూర్‌లో, లండన్‌లో, మీ ఊళ్ళోనూ ఒక చిన్న కొట్టు ఉంటుంది, పాడే మనిషి ఉంటాడు. ఒక్కసారి వెళ్ళండి. ఆ మనిషి పేరు తెలుసుకోండి. మీ పేరు చెప్పండి.

సంభాషణ: పాటల కొట్లో అమ్మమ్మ
(ఇద్దరిద్దరు కలిసి గట్టిగా చదవండి.)

అమ్మమ్మ: ఏవిట్రా చిన్నూ, పాటలు వినడానికి కొట్టుకి తీసుకొచ్చావు? టిక్కెట్టు ఎంత?
చిన్నూ: టిక్కెట్టు లేదు అమ్మమ్మా. నచ్చితే ఆల్బమ్ కొనుక్కోవచ్చు.
అమ్మమ్మ: నచ్చకపోతే?
చిన్నూ: నచ్చకపోతే ఇంటికెళ్ళిపోవచ్చు.
అమ్మమ్మ: ఆ అమ్మాయి జుట్టు చూడు, నీలం రంగు! విడ్డూరం కాకపోతే!
చిన్నూ: అమ్మమ్మా, ఈ ఊళ్ళో విడ్డూరం అంటే మెచ్చుకున్నట్టు.
అమ్మమ్మ: అలాగా! గొంతు మాత్రం బాగుందిరా. మా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో ఇలాగే ఉండేది. ఓ రాత్రి హరికథ, ఓ రాత్రి బుర్రకథ, ఓ రాత్రి పద్యనాటకం. పద్యం బాగా పాడితే జనం "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళు. ఆయన మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకునేవాడు. తెల్లారేదాకా ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు.
చిన్నూ: అంటే నీకూ నైట్ లైఫ్ ఉండేదన్నమాట!
అమ్మమ్మ: ఆఁ, ఉండేది. చాపలు పట్టుకెళ్ళి ముందే చోటు పట్టుకునేవాళ్ళం.
చిన్నూ: మరి పాడేవాళ్ళకి డబ్బులు ఎవరిచ్చేవాళ్ళు?
అమ్మమ్మ: ఇంటింటికీ చందా. ఉన్నవాళ్ళు డబ్బులు, లేనివాళ్ళు బియ్యం. ఎవరూ ఇవ్వకపోతే పందిరే లేదు.
చిన్నూ: ఇప్పుడు కూడా ఉన్నాయా నాటకాలు?
అమ్మమ్మ: మా ఊళ్ళో పందిరి వేస్తున్నారు గానీ, నాటకాలు తగ్గిపోయాయి. టీవీ వచ్చాక జనం రావడం మానేశారు. మేమూ మానేశాంలే. జనం రాకపోతే వాళ్ళు ఎవరికోసం ఆడతారు?
(పాట అయిపోతుంది. అందరూ చప్పట్లు కొడతారు.)
అమ్మమ్మ: చిన్నూ, ఇక్కడ "వన్స్ మోర్" అనొచ్చా?
చిన్నూ: అను అమ్మమ్మా, గట్టిగా అను!

భాషా విషయం: -తే, -కపోతే, -నా

ఒక పని జరిగితేనే ఇంకో పని జరుగుతుంది అని చెప్పడానికి క్రియకు "తే" చేరుస్తాం. దీన్ని వ్యాకరణంలో చేదర్థకం అంటారు. ఒక పని జరిగినప్పటికీ ఫలితం మారలేదు అని చెప్పడానికి "నా" రూపం వాడతాం. ఇది అప్యర్థకం. పేర్లు మరిచిపోయినా ఫర్వాలేదు, వాడకం మరిచిపోకండి.

వెళ్ళు: వెళ్తే, వెళ్ళకపోతే, వెళ్ళినా
కొను: కొంటే, కొనకపోతే, కొన్నా
ఇవ్వు: ఇస్తే, ఇవ్వకపోతే, ఇచ్చినా
పెరుగు: పెరిగితే, పెరగకపోతే, పెరిగినా

ఉదాహరణలు:
జనం వస్తే కచేరీ ఉంటుంది.
జనం రాకపోతే కచేరీ ఉండదు.
వాన వచ్చినా కచేరీ ఆగలేదు.

మూడో వాక్యం రెండుసార్లు చదవండి. "వచ్చినా" అన్నచోట గొంతు కొంచెం సాగదీయండి. మన భాషలో పట్టుదల అంతా ఆ దీర్ఘంలోనే ఉంటుంది!

అభ్యాసాలు

అ. సరైన రూపంతో ఖాళీ నింపండి.
1. సందెవేళ వంతెన దగ్గరికి ________ (వెళ్ళు) గబ్బిలాలు కనిపిస్తాయి.
2. అద్దె ________ (పెరుగు) బ్రోకెన్ స్పోక్ మూతపడలేదు.
3. ఎవరూ చందా ________ (ఇవ్వు) పందిరి ఉండేది కాదు.
4. మనం చిన్న కొట్లో ________ (కొను) ఎక్కువ డబ్బు ఊళ్ళోనే తిరుగుతుంది.

ఆ. జతపరచండి.
1. విక్టరీ గ్రిల్        (క) గోడ మీద కప్ప
2. డేనియల్ జాన్‌స్టన్    (గ) "కీప్ ఆస్టిన్ వియర్డ్"
3. రెడ్ వాసెనిక్          (చ) గబ్బిలాలు
4. మెర్లిన్ టటిల్         (జ) 1945లో తిరిగొచ్చిన సైనికులు

ఇ. లెక్క చేయండి. జవాబు పూర్తి వాక్యంలో రాయండి.
నాలుగు కుటుంబాలు ఒక్కొక్కటి 100 డాలర్లు పుస్తకాలకు ఖర్చు పెట్టాయి. పాఠంలోని లెక్క ప్రకారం,
1. అందరూ ఊరివాళ్ళ కొట్లో కొంటే ఊళ్ళో ఎంత తిరుగుతుంది?
2. అందరూ పెద్ద కంపెనీ స్టోరులో కొంటే ఎంత?
3. తేడా ఎంత?

ఈ. ఆలోచించి మూడు నాలుగు వాక్యాలు రాయండి.
1. పాటల హాళ్ళు చవకైన చోట్లలోనే ఎందుకు మొదలయ్యాయి?
2. లిబర్టీ లంచ్ స్థలంలో ఆఫీసు కట్టడం మంచిదా, చెడ్డదా? ఉద్యోగం దొరికినవాళ్ళ వైపు నుంచి ఒక వాక్యం, పాటగాళ్ళ వైపు నుంచి ఒక వాక్యం తప్పకుండా రాయండి.

ఉ. ఇంటి పని
1. అమ్మమ్మకో, తాతయ్యకో, నానమ్మకో ఫోన్ చేయండి. "మీ చిన్నప్పుడు ఊళ్ళో రాత్రిపూట ఏం జరిగేది? డబ్బులు ఎవరిచ్చేవాళ్ళు?" అని అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, సరిదిద్దకండి.
2. ఈ వారం మీ ఊళ్ళో ఒక చిన్న కొట్టుకు వెళ్ళండి. ఏమీ కొనకపోయినా ఫర్వాలేదు. ఎప్పుడు మొదలుపెట్టారో యజమానిని అడిగి, తెలుగులో ఐదు వాక్యాలు రాయండి. మొదటి వాక్యంలో ఆ మనిషి ఎలా ఉన్నారో రాయండి. అంటే ముందు "ఎలా ఉన్నారు?" అని అడిగి, జవాబు వినాలి మరి!

జవాబులు
అ. 1. వెళ్తే  2. పెరిగినా  3. ఇవ్వకపోతే  4. కొంటే
ఆ. 1-జ, 2-క, 3-గ, 4-చ
ఇ. 1. 180 డాలర్లు తిరుగుతాయి.  2. 52 డాలర్లు తిరుగుతాయి.  3. తేడా 128 డాలర్లు.

వచ్చే పాఠంలో కలుద్దాం. అప్పటికి పొద్దుపోతే పడుకోండి, పాట వినిపిస్తే మాత్రం కాసేపు ఆగండి!